సగం తిప్పిన వాల్వు

మా ఆయన కట్టిన ముడిని మా రిపేరు షాపులో ఎవరైనా ఇట్టే గుర్తుపడతారు. మిగతా ఫిట్టర్లు గుడ్డముక్కని వాల్వు మెడకి చుట్టామంటే చుట్టామన్నట్టు చుట్టి తోసేస్తారు. ఈయన మాత్రం రెండు చుట్లు వేసి, బిగించి, కొసలు రెండూ సమానంగా లాగి, బడికెళ్ళే పిల్ల జడకి రిబ్బను కట్టినంత శ్రద్ధగా కడతాడు. అందుకే గొట్టాల లైను మీద పనిచేసేవాళ్ళు ఆయనకి నిదానం అని పేరు పెట్టారు. "నిదానం పని మొదలుపెట్టాడా? అయితే మనం టీ తాగి రావచ్చు" అని వెక్కిరిస్తారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. ఇంట్లో నేను ఆయన్ని అంతకంటే ఎక్కువే అంటాను, అది వేరే సంగతి. మా ఆయన్ని అనడానికి నేనున్నాను కదా, మధ్యలో వీళ్ళెవరు?

అసలు ఆ గుడ్డ ఎందుకో చెప్పకపోతే జరిగింది అర్థం కాదు. మాది కాగితం మిల్లు. చెక్కముక్కల్ని ఉడికించడానికి కాస్టిక్ నీళ్ళు వాడతారు. చూడ్డానికి మంచినీళ్ళలాగే ఉంటాయి. వేళ్ళకి తగిలితే సబ్బులా జారతాయి. ఆ జారేది మన చర్మమే. ఆ నీళ్ళు పారే గొట్టాలకి బంతి వాల్వులుంటాయి. లోపల నున్నటి ఉక్కు బంతి, దాని మధ్యలో ఈ పక్కనుంచి ఆ పక్కకి ఒక బెజ్జం. పైన ఉన్న పిడిని గొట్టం వెంబడి పెడితే బెజ్జం గొట్టానికి ఎదురుగా వచ్చి నీళ్ళు పోతాయి. అడ్డంగా తిప్పితే బంతి గోడ అడ్డం వచ్చి ఆగిపోతాయి.

చిక్కు ఒక్కటే. అడ్డంగా తిప్పినప్పుడు బెజ్జంలో ఉన్న నీళ్ళు, బంతి చుట్టూ ఉన్న నీళ్ళు ఎటూ పోలేక లోపలే ఉండిపోతాయి. గొట్టం మొత్తం ఖాళీ చేసి, వాల్వుని ఊడదీసి తెచ్చి బల్ల మీద పెట్టినా, దాని కడుపులో గుక్కెడు కాస్టిక్ ఉండనే ఉంటుంది. ఎండలో పెడితే వేడెక్కి, పొంగి, బయటపడే దారికోసం లోపల ఒత్తుకుంటూ ఉంటుంది. అందుకని ఊడదీసిన ఫిట్టరు దాన్ని తొట్టి మీద పట్టుకుని సగం తిప్పాలి. సగం తిప్పితే లోపలిది కారిపోతుంది. నీళ్ళతో కడిగి, అలా సగంలోనే ఉంచి, రెండు మూతులకీ ప్లాస్టిక్ మూతలు పెట్టి, మెడకి తెల్లగుడ్డ కట్టి పంపాలి. తోపుడుబండిలో అడ్డం తగులుతుందని పిడి ఊడదీసేస్తారు కాబట్టి, పైనుంచి చూస్తే తిప్పారో లేదో తెలీదు. గుడ్డ ఉంటే తిప్పినట్టు. లేకపోతే బల్ల దగ్గర మేం ముట్టుకోం.

మేం అంటే నేను, మా ఆడపడుచు. గుడ్డ ఉన్నా సరే, ముందు మూత తీసి టార్చి వేసి చూడాలి. బంతి సగం తిరిగి ఉంటే బెజ్జం నెలవంకలా కనిపిస్తుంది. అది కనిపించాకే, ముఖానికి మాస్కు దించుకుని, మనకి అవతలివైపు బోల్టుని ముందు కాస్త వదులు చేయాలి. తర్వాత బంతి తీసి, మెత్తటి గుడ్డతో తుడవాలి. స్క్రూడ్రైవరుతో గీకితే దాని మీద గీత పడి, మళ్ళీ ఎంత బిగించినా కారుతూనే ఉంటుంది. ఇవన్నీ ఆ పిల్లకి నేను నేర్పినవే. "బంతిని పసిపాపలా చూస్తావు వదినా, నన్ను మాత్రం పానాలా చూస్తావు" అనేది. దాని నోటికి తాళం లేదు. పొద్దున్న వచ్చినప్పటినుంచి సాయంత్రం దాకా ఏదో ఒకటి వాగుతూనే ఉండేది, చెయ్యి మాత్రం ఆగేది కాదు. దాని మాటలు వింటూ పని చెయ్యడం నాకు అలవాటైపోయింది.

ఆ రోజు పొద్దున్న కూడా వాగుతూనే ఉంది. దాని మొగుడు టైలరు. ఎవరిదో చొక్కాకి రెండు చేతులూ ఎడమచేతివే కుట్టి, అడిగితే కొత్త ఫ్యాషనని బుకాయించాడట. నేను వెనక్కి తిరిగి తొట్టి దగ్గర రింగులు కడుగుతూ నవ్వుతున్నాను. ఉన్నట్టుండి మాట మధ్యలో ఆగిపోయింది. పానా కిందపడ్డ చప్పుడైంది. తిరిగి చూసేసరికి అది రెండు చేతులతో ముఖం కప్పుకుని నిలబడి ఉంది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. మాస్కు నెత్తిమీద ఉంది.

మిగతాదంతా నా చేతులు చేశాయి, నేను కాదు. దాన్ని రెక్క పట్టుకుని ఈడ్చుకెళ్ళి, కళ్ళు కడిగే కుళాయి తిప్పి, తల వంచి, రెప్పలు నా వేళ్ళతో విప్పి పట్టుకున్నాను. అది గింజుకుంది, నన్ను తన్నింది. "చాలు వదినా, చాలు, వదిలెయ్" అని ఏడిచింది. నేను వదల్లేదు. వదిలితే కన్ను మూసుకుంటుంది, మూసుకుంటే కాస్టిక్ లోపలే ఉండిపోతుంది. అంబులెన్సు వచ్చేదాకా అలాగే పట్టుకుని, దానికంటే పెద్దగా నేను ఏడ్చాను.

తిరిగొచ్చి చూస్తే, బల్ల మీద ఆ వాల్వు అలాగే ఉంది. దాని మెడకి తెల్లగుడ్డ. రెండు చుట్లు, కొసలు సమానం.

సేఫ్టీ చూసే ఇంజనీరమ్మ అప్పటికే వచ్చింది. మంచి మనిషి. ఎవరిమీదా అరవదు, ఎవరు చెప్పినా పూర్తిగా వింటుంది. బయటంతా నీళ్ళతో కడిగించి, అందరూ చూస్తుండగా మూత తీసి టార్చి వేసింది. ఒకరి తర్వాత ఒకరం వంగి చూశాం. నెలవంక లేదు. నున్నటి ఉక్కు గోడ, అంతే. బంతి పూర్తిగా మూసే ఉంది.

"ఇది తిప్పలేదు," అంది ఆవిడ. విచారణకి పైనుంచి ఒక మనిషి రావాలని, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకూడదని, వాల్వుని బీరువాలో పెట్టి తాళం వేసింది. మా ఆయన్ని అప్పటివరకు లైను మీదకి వెళ్ళొద్దంది.

ఆ రోజునుంచి షాపులో రెండే మాటలు. నిదానం తిప్పకుండానే గుడ్డ కట్టాడు అనేవాళ్ళు సగం. తిప్పకపోతే మాత్రం, ఆ పిల్ల మూత తీసి చూడొద్దా అనేవాళ్ళు సగం. ఫోర్‌మన్ రెండో రకం. నా ముందే, "పాపం, వయసులో ఉన్న పిల్ల, ధ్యాసెక్కడుందో" అన్నాడు. నేను ఒంటికాలి మీద లేచాను. "మీరెప్పుడైనా ఆ బల్ల దగ్గర ఒక పూట నిలబడ్డారా? నిలబడి మాట్లాడండి" అన్నాను. ఆయన నోరు మూసుకున్నాడు కానీ, నా లోపల ఆ ప్రశ్న నోరు మూసుకోలేదు. అది ఎందుకు చూడలేదు? నేను నేర్పిన పిల్ల, మాస్కు ఎందుకు దించుకోలేదు?

ఆస్పత్రిలో రెండు కళ్ళకీ కట్లు కట్టారు. ఎడమకంటికి భయం లేదన్నాడు డాక్టరు. కుడికన్ను గురించి అడిగితే, చూద్దాం అన్నాడు. డాక్టరు చూద్దాం అంటే ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు.

మా ఆయన ఆస్పత్రి గది గుమ్మం దాకా వచ్చాడు. టైలరు లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. మెత్తటి మనిషి, చీమకి కూడా దారిస్తాడు. ఆయన ముఖం అలా బిగుసుకుపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఒక్క మాట చెప్పు బావా. తిప్పావా, తిప్పలేదా?"

"తిప్పాను."

"మరి లోపల మూసి ఉందంటున్నారు."

"తిప్పాను," అన్నాడు మా ఆయన మళ్ళీ.

"తిప్పకుండా కట్టి ఉంటే ఇప్పుడే చెప్పు. కోపం వస్తుంది, రెండు తిట్టి ఊరుకుంటాను. నా ముందు నిలబడి అబద్ధమాడితే మాత్రం నేను తట్టుకోలేను. ఆ వాల్వు విప్పి చూసేదాకా నువ్వు లోపలికి రావొద్దు."

నాకు కోపం రాలేదు. ఆ స్థానంలో నేనుంటే అడ్డం నిలబడ్డంతో ఆగేదాన్ని కాదు. మా ఆయన గుమ్మం బయటినుంచే చెల్లెల్ని ఒకసారి చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. లోపల మంచం మీదనుంచి, "ఎవరు, అన్నయ్యేనా?" అని వినిపించింది. టైలరు, "కాదు, నర్సు" అన్నాడు.

నేను ఆ పిల్ల పక్కన కూర్చుంటే అది నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. "వదినా, వీళ్ళు నాకేం చెప్పట్లేదు. అన్నయ్య ఎందుకు రాలేదు? అన్నయ్యని ఎవరైనా ఏమైనా అంటున్నారా?" అని అడిగింది. "వస్తాడులే, ముందు నువ్వు పడుకో" అన్నాను. "అన్నయ్య తిప్పకుండా కట్టడు వదినా. నాకు తెలుసు" అంది. అంత వాగుడుకాయ అలా నోరు మూసుకుని పడుకుని ఉంటే చూడలేక, లేచి దుప్పటి సర్దాను.

ఇంట్లో ఆయన్ని నేను అడగలేదనుకుంటున్నారా? అడిగాను. అన్నం పెడుతూ అడిగాను, బట్టలు మడతపెడుతూ అడిగాను, బతిమాలి అడిగాను, తిట్టి అడిగాను. ప్రతిసారీ ఒకటే మాట. తిప్పాను. పెళ్ళైనప్పటినుంచీ చూస్తున్నాను, ఈ మనిషి ఏ విషయమైనా మొదటినుంచీ చెప్తాడు. కూరగాయలు తెచ్చినా సరే, ఇంటినుంచి బయల్దేరడం దగ్గర మొదలుపెడతాడు. అలాంటివాడు ఆ వాల్వు గురించి ఒక్క ముక్క చెప్పి ఆగిపోతున్నాడు. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నాడు. అది చూస్తే నాకు భయం వేసింది. ఈయన అబద్ధం చెప్పడని నమ్మకం, ఏదో దాస్తున్నాడని అనుమానం, రెండూ నాలో కుస్తీ పట్టాయి. చివరికి ఆయన ముఖం చూస్తేనే చికాకు పుట్టే స్థితికి వచ్చాను. నిజం చెప్తున్నాను, ఒక్కోసారి ఈయన తిప్పలేదని తేలిపోతే బాగుండనిపించేది. కనీసం ఎవరిని తిట్టాలో తెలిసేది.

పైనుంచి రావలసిన మనిషి వచ్చాడు. ఇంజనీరమ్మ నన్ను పిలిచి, "ఈ షాపులో ఈ వాల్వులు విప్పేది మీరిద్దరే. ఆ అమ్మాయి లేదు. మీరు విప్పుతారా? మీకు కష్టమైతే వేరే మిల్లునుంచి మనిషిని పిలిపిస్తాను" అంది. నేనే విప్పుతానన్నాను. వేరేవాళ్ళు విప్పి ఏదో ఒకటి చెప్తే నేను నమ్మలేను. నా కళ్ళతో నేను చూడాలి. టైలరుని కూడా పిలవమని నేనే అడిగాను. ఆయన వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మా ఆయన ఎదురు గోడ దగ్గర. ఫోర్‌మన్, పైనుంచి వచ్చినాయన, ఇంజనీరమ్మ నా బల్ల చుట్టూ.

అందరికీ మాస్కులు ఇప్పించాను. పైనాయన, "ఖాళీ అయిపోయిందిగా" అన్నాడు. "ఖాళీ అని ఎవరు చెప్పారండీ?" అన్నాను. ఆయన మాస్కు పెట్టుకున్నాడు.

వాల్వుని తొట్టిలో పెట్టి, అవతలివైపు బోల్టు ముందు వదులు చేశాను. కాస్త తిప్పి, ఆగి, ఎదుటిదాన్ని కాస్త తిప్పి. రెండు చెంపలూ విడివడ్డాయి. లోపల మిగిలిన కాస్టిక్ నాలుగు చుక్కలు కారి తొట్టిలో పడ్డాయి. నీళ్ళు పోసి కడిగాను.

బంతి పూర్తిగా మూసుకునే ఉంది. దాని నెత్తిమీద ఒక గాడి ఉంటుంది. పైన పిడికి తగిలించే కడ్డీ కిందిదాకా వచ్చి, దాని చివర ఉన్న చప్పటి నాలుక ఆ గాడిలో కూర్చుంటుంది. పిడి తిప్పితే కడ్డీ తిరుగుతుంది, నాలుక బంతిని తిప్పుతుంది. నేను బంతిని బయటికి తీశాను. నాలుక గాడిలోనే ఉంది, కానీ కడ్డీకి లేదు. విరిగిపోయి ఉంది.

కడ్డీ ఎటు తిరిగి ఉందో వాల్వు మెడ మీద గీత పెట్టి, దాన్ని పైకి లాగి ఇంజనీరమ్మ చేతిలో పెట్టాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. విరిగిన చోట సగం నల్లగా ఉంది, సగం కొత్తగా మెరుస్తోంది. "ఇది చాలాకాలంగా బీటలు వారి ఉంది. మిగిలిన సగం ఈ మధ్యే విరిగింది. పిడి గట్టిగా తిప్పినప్పుడు," అంది. నేను పెట్టిన గీతతో సరిచూసి, కడ్డీ చివర ఎటు తిరిగి ఉండిందో చూపించింది. సరిగ్గా సగం దాకా తిరిగి ఉంది. బంతి మాత్రం కదల్లేదు.

తిప్పాడు. మా ఆయన తిప్పాడు.

"లోహం తప్పన్నమాట," అన్నాడు ఫోర్‌మన్, తన నెత్తిమీంచి బరువు దిగినట్టు. "మనుషులు ఎవరి తప్పూ లేదు."

టైలరు గోడ దగ్గరనుంచి ఒక్క ఉదుటున వచ్చి మా ఆయన్ని కౌగిలించుకున్నాడు. "నన్ను క్షమించు బావా. తిప్పానని నువ్వు చెప్తూనే ఉన్నావు. నేనే గుమ్మం దగ్గర నిన్ను ఆపేశాను" అని భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. నాకూ కన్నీళ్ళు ఆగలేదు. ఇన్నాళ్ళూ ఆయన్ని తిననివ్వకుండా, పడుకోనివ్వకుండా సాధించాను. ఇంటికెళ్ళి ఏం చేసి ఆ పాపం కడుక్కోవాలా అని ఆలోచిస్తున్నాను.

మా ఆయన మాత్రం చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. టైలరుని తిరిగి పట్టుకోలేదు.

"ఆగు బావా," అన్నాడు.

టైలరు తల ఎత్తాడు.

"పిడి బిగుసుకుపోయి ఉంది. బలంగా లాగాను. లాగితే ఒక్కసారిగా తేలికైపోయింది. చేతికి తెలిసింది."

ఇంజనీరమ్మ మెల్లగా అడిగింది. "తేలికైనప్పుడు ఏమనుకున్నారు?"

"లోపల కాస్టిక్ గడ్డకట్టి పట్టేసి ఉంటుంది, అది వదిలింది అనుకున్నాను. అలా అవుతుంది ఒక్కోసారి."

"తొట్టిలో ఏమైనా కారిందా?"

"లేదు."

"ఎప్పుడూ ఎంతో కొంత కారుతుంది కదా?"

"కారుతుంది."

"మరి?"

మా ఆయన నేలవైపు చూశాడు. ఆ మనిషి చెవులు ఎర్రబడటం నాకు కనపడింది. "మూత పెట్టేముందు ఒకసారి లోపలికి చూడాలి. అనిపించింది కూడా. టార్చి నా దగ్గర లేదు, పైన నిచ్చెన దగ్గర వదిలేశాను. వెళ్ళి తెచ్చుకోవాలి." ఆగాడు. "బల్ల దగ్గర ఉండేది మా చెల్లాయే కదా అనుకున్నాను. అది ఎలాగూ చూస్తుంది. వేరేవాళ్ళైతే వెళ్ళి టార్చి తెచ్చుకునేవాణ్ణి. కనీసం ఒక మాట చెప్పి పంపేవాణ్ణి."

ఫోర్‌మన్ దగ్గాడు. "ఇవన్నీ ఇప్పుడెందుకు? కడ్డీ విరిగింది, అంతే కదా" అన్నాడు. పాపం, ఆయన మంచికే అన్నాడు. కానీ మా ఆయన ఆయనవైపు చూడలేదు. టైలరునే చూస్తున్నాడు.

నాకు ఏమనిపించిందో చెప్పాలంటే సిగ్గేస్తోంది. ముందు కోపం వచ్చింది. ఎవరడిగారు నిన్ను? బయటపడ్డావు కదా, నోరు మూసుకుని ఉండలేవా అని. ఆ వెనకే ఇంకో కోపం, ఇంకా పెద్దది. ఒక్క నిచ్చెన ఎక్కి దిగడానికి బద్ధకమేసిందా, అందరికంటే ఆలస్యంగా పనిచేసే మనిషివి, ఆ ఒక్క రోజే నీకు తొందరొచ్చిందా అని. అయినా, ఆ గదిలో ఉన్న అందరిలోకీ నాకు ప్రేమ పుట్టింది కూడా ఆ మనిషి మీదే.

టైలరు రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "నేను తనకి చెప్పను బావా. నావల్ల కాదు. నువ్వే వచ్చి చెప్పు" అన్నాడు. అలా అని తలుపు తీసి, మా ఆయన బయటికి వచ్చేదాకా పట్టుకుని నిలబడ్డాడు.

మేం ఆస్పత్రికి వెళ్ళేసరికి ఎడమకంటి కట్టు విప్పేశారు. కుడికంటి మీద మాత్రం ఉంది. వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దని డాక్టరు పొద్దున్నే చెప్పాడట. ఆ పిల్లకి కూడా చెప్పేశాడట. దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. మా ఆయన్ని చూసి ముఖం విప్పారింది. "వచ్చావా! నీకు టార్చి వేస్తే తప్ప దారి కనపడదేమో అనుకున్నాను" అంది. దానికేం తెలుసు, మామూలుగా వేళాకోళమాడింది. మా ఆయన ముఖం పాలిపోయింది.

స్టూలు లాక్కుని కూర్చుని, ఎప్పటిలాగే మొదటినుంచీ చెప్పాడు. వాల్వు ఎక్కడ ఊడదీశాడో, పిడి ఎంత బిగుసుకుందో, ఎలా తేలికైందో, తొట్టి ఎలా పొడిగా ఉందో. నిచ్చెన సంగతి చెప్పాడు. "నువ్వు చూస్తావులే అనుకున్నాను" అని చెప్పి ఆగాడు. ఆ పిల్ల ఒంటికంటితో ఆయన్నే చూస్తూ విన్నది. అది మధ్యలో అడ్డం రాకుండా ఎవరి మాటైనా పూర్తిగా వినడం నేను చూడటం అదే మొదటిసారి.

విని, దుప్పటి అంచు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"అందరివీ చూస్తాను అన్నయ్యా," అంది. "ఎవరు కట్టి పంపినా మూత తీసి చూస్తాను. వదిన చెప్పినట్టే. నీవి మాత్రం చూడను. ఎప్పుడూ చూడలేదు. నీ ముడి ఉందంటే మాస్కు కూడా దించుకోను."

నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. అన్నేళ్ళుగా పక్కపక్కనే పనిచేస్తున్నాం, నాకు ఆ సంగతే తెలీదు. చెల్లెలు ఉందని ఈయన వదిలేశాడు. అన్నయ్య కట్టాడని అది వదిలేసింది. ఎవరిని తిట్టాలో తెలిస్తే బాగుండనుకున్నాను కదా, ఇప్పుడు చూస్తే తిట్టడానికి నాకు ఎవరూ మిగల్లేదు. గ్లాసులో నీళ్ళు పోసి ఎవరికీ ఇవ్వకుండా నేనే తాగేశాను.

"కోపం వచ్చిందా?" అన్నాడు మా ఆయన.

"వచ్చింది. కన్ను పోతే రాదా?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "నామీద కూడా వచ్చింది. కోపం పోయాక పన్లోకి వస్తాను. బోల్టు విప్పడానికి ఒక కన్ను చాలు. ఆయన ఒద్దంటాడు, నేను వింటానా?" టైలరు గోడవైపు తిరిగిపోయాడు. "కానీ ఒకటి అన్నయ్యా. ఇకమీదట నీ వాల్వు వచ్చినా మూత తీసి చూస్తాను. పరాయివాళ్ళది వచ్చినట్టే చూస్తాను. నువ్వు మనసులో ఏం పెట్టుకోకూడదు."

"పెట్టుకోను."

"తిప్పానని నువ్వు నోటితో చెప్పినా సరే."

మా ఆయన ముందుకి వంగి, మంచం మీద అరచెయ్యి వెల్లకిలా చాపాడు.

"నన్ను నమ్మనని ఒట్టు పెట్టమ్మా," అన్నాడు.

అది దుప్పటి వదిలి, ఆ చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టింది.